తుమ్ముకో మందు, ఊపిరికో మందు

మా అత్తవారింట్లో నా మాటకి ఎవరూ ఆగరు. నా తుమ్ముకి మాత్రం ఇల్లంతా ఆగిపోయేది. పని మీద గేటు దాకా వెళ్లిన మావయ్యగారు వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అత్తయ్యగారు చెంబుతో మంచినీళ్లు తెచ్చేవారు. ఆయన రెండు గుక్కలు తాగి, తుండుతో మూతి తుడుచుకుని, కాసేపు ఎవరి వంకా చూడకుండా కూర్చుని మళ్లీ లేచేవారు. ఆయన లేచే వేళకి నేను లోపలి గదిలో ముక్కు పట్టుకుని, ఈయన గేటు దాటేదాకా ఆపు తండ్రీ అని మొక్కుకుంటూ ఉండేదాన్ని. దేవుడికి వేరే పనులుంటాయి కదా. సరిగ్గా ఆయన చెయ్యి గేటు గొళ్లెం మీద పడేసరికి హాచ్చి!

ఒక్క తుమ్ము చెడు, రెండు తుమ్ములు మంచివి. ఇది మా ఇంటి శాస్త్రం. ఈ శాస్త్రం రాసినవాడెవడో గానీ నాలాంటి దాన్ని చూసి ఎరగడు. నాకు మొదలైతే ఏడు, ఎనిమిది, ఒక్కోసారి పదకొండు. మావయ్యగారు అరుగు మీద కూర్చుని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేవారు. "ఆరు... ఏడు... అమ్మాయ్, ఇంకోటేమన్నా ఉందా?" అని కేకేసేవారు. "ఉండండి మావయ్యగారూ, వచ్చేట్టుంది" అని నేను లోపల్నుంచి జవాబిచ్చేదాన్ని. వస్తే సరిసంఖ్య, ఆయన పనికి ఆయన వెళ్లిపోతారు. రాకపోతే అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "ఇంకొక్కటి తుమ్మవే తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది" అని బతిమాలేవారు. కోడలి చేత తుమ్మించడానికి బతిమాలిన అత్తగారు ఈ జిల్లా మొత్తంలో మా అత్తయ్యగారొక్కరే అయ్యుంటారు.

నేను పుట్టింది బందరు వైపు వరి పొలాల ఊళ్లో. మాకు మామిడికాయ అంటే వేసవిలో బండి మీద వచ్చేది, ఆవకాయ జాడీలోకి పోయేది, అంతే. పూత ఎలా ఉంటుందో కూడా సరిగ్గా చూసి ఎరగను. పెళ్లయి నూజివీడు పక్కన ఈ తోటల్లోకి వచ్చాను. ఇంటికి మూడు వైపులా మామిడే. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. మొదటి ఏడు పుష్యమాసంలో చెట్లన్నీ ఒక్కసారిగా పూశాయి. చూడవచ్చిన వాళ్లందరూ గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఆహా! పూత వాసన!" అన్నారు. నేనూ మర్యాదకి పీల్చాను. సాయంత్రానికి కళ్లు రెండూ బొబ్బట్లలా ఉబ్బి, ముక్కు కారి, ఛాతీలో ఎవరో బరువు పెట్టినట్టయి, మంచం మీద కూర్చుని తెల్లార్లూ పిల్లికూతలు కూశాను.

"దీనికి పూత పడటం లేదమ్మా" అన్నారు మా ఆయన.

అత్తయ్యగారు వెంటనే లేచి వీధి తలుపు మూసేశారు. "నెమ్మదిగా అనరా! ఎవరన్నా వింటే ఏమనుకుంటారు? మామిడి తోటలోళ్ల ఇంట్లో కోడలికి మామిడి పూత పడకపోవటమేంటి?"

నిజమే. చేపల చెరువులవాళ్ల ఇంట్లో నీళ్లు పడవన్నట్టు ఉంటుంది. అందుకని ఆ రోజు నుంచి నాకున్నది జలుబు అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. నాకు పద్దెనిమిదేళ్లు జలుబు చేసింది. తుమ్మితే ఊడిపోయే ముక్కు ఎన్నాళ్లుంటుందని సామెత. నా ముక్కు ఊడిపోలేదు. నాతో పాటు ఆ సామెతని కూడా పద్దెనిమిదేళ్లు మోసింది.

అసలు గొడవ మూడేళ్ల కిందట వచ్చింది. మా వైపు తోటని కాయ చూసి కాదు, పూత చూసి అమ్ముతారు. బేరగాడు వచ్చి చెట్ల కింద ఒక చుట్టు తిరుగుతాడు, కొమ్మలు వంచి పూత చూస్తాడు, వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కాఫీలు అయ్యాక తమలపాకులు, వక్క చేతిలో పెడితే మాట ఇచ్చినట్టు. ఇక ఆ తర్వాత కాయ పండినా ఎండినా మాట మాటే. ఆ ఏడు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక పెద్ద బేరగాడు వచ్చాడు. మావయ్యగారు తమలపాకులు అందించారు, ఆయన చెయ్యి చాపాడు. అప్పుడు కిటికీ వెనకాల కాఫీ గ్లాసులు సర్దుతున్న నేను తుమ్మాను. ఒక్కటే. పద్దెనిమిదేళ్ల నా తుమ్ముల చరిత్రలో ఒక్కటే వచ్చి ఆగిపోయిన తుమ్ము అదొక్కటేనేమో.

బేరగాడి చెయ్యి చాపినంతలోనే ఆగింది. మావయ్యగారు కిటికీ వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. అత్తయ్యగారు, "ఇంకోటి, ఇంకోటి" అని సైగలు చేశారు. కావాలనుకుంటే వస్తుందా? చీపురు పుల్ల ముక్కులో పెట్టుకున్నా రాలేదు. బేరగాడు "మళ్లీ వస్తానండీ" అని లేచి, తిన్నగా పక్క తోటవాళ్ల ఇంటికి వెళ్లి అక్కడ మాట ఇచ్చేశాడు. ఆ ఏడు వైశాఖంలో గాలివాన వచ్చింది. మాకూ పక్కవాళ్లకూ ఒకేలా కొట్టింది. అయినా వాళ్ల కాయ గాలికి రాలింది, మా కాయ నా తుమ్ముకి రాలింది.

బేరగాడు అలా లేచి వెళ్లిన మర్నాడే మావయ్యగారు స్వయంగా నన్ను నూజివీడులో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లడం అదే మొదలు. డాక్టరుగారు నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, "ఎన్నాళ్ల నుంచి ఈ పిల్లికూతలు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మావయ్యగారు అందుకున్నారు.

"పిల్లికూతల సంగతి తరవాత చూద్దావండీ. తుమ్ములు ఎప్పటికి ఆగుతాయి? పూత టైములో మా ఇంటికి పెద్దోళ్లు వస్తా ఉంటారు."

డాక్టరుగారు ఆయన వంక, నా వంక చూసి రాయడం మొదలుపెట్టారు. రాత్రిపూట ఒక మాత్ర. అది ఎలర్జీకి, తుమ్ములకి. పొద్దున, రాత్రి పీల్చే మందు ఒకటి. అది ఊపిరికి. మరీ ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చుకునే నీలం రంగుది ఇంకొకటి. "ఈ రోజూ పీల్చే మందు చాలా ముఖ్యం. బాగున్నా పీల్చాలి, బాగాలేకున్నా పీల్చాలి. బాగుందని ఆపకూడదు. పీల్చాక నోరు పుక్కిలించాలి" అని నాకు రెండుసార్లు చెప్పారు. మావయ్యగారు ఒక్కసారి కూడా వినలేదు. ఆయన మాత్రల అట్టని వెలుతురుకి పట్టుకుని చూస్తున్నారు.

మాత్ర పని చేసింది. వారం తిరిగేసరికి తుమ్ములు సగానికి సగం, నెల తిరిగేసరికి ఎప్పుడో ఒకటి. ఇంట్లో ఆ మాత్రకి వచ్చిన హోదా చెప్పలేను. పంచాంగం పెట్టే గూట్లో, పంచాంగం పక్కనే చోటు దొరికింది దానికి. రోజూ భోజనాలవగానే మావయ్యగారు, "అమ్మాయ్, మందేసుకున్నావా?" అని అడిగేవారు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. ఎదురింటావిడ విని ముక్కున వేలేసుకుంది. "నువ్వు పెట్టి పుట్టావే. మా మావగారు నేను తిన్నానో లేదో కూడా ఏనాడూ అడిగిన పాపాన పోలేదు" అంది. నేనేం చెప్పను? ఆయన అడుగుతున్నది నా కోసం కాదు, రేపు పొద్దున తన ప్రయాణం కోసం అంటే ఆవిడ ఆనందం పాడైపోతుంది.

పీల్చే మందుకి మాత్రం ఆ భాగ్యం పట్టలేదు. దాన్ని ఎవరూ దాని పేరుతో కూడా పిలవలేదు, గొట్టం అనేవారు. మాత్ర వేసుకుంటే తుమ్ము ఆగింది, కళ్లకి కనపడింది. గొట్టం పీలిస్తే ఏం జరిగింది? నేను మామూలుగా ఊపిరి తీసుకున్నాను. మామూలుగా ఊపిరి తీసుకోవడంలో చూడ్డానికేముంది? "బానే ఉన్నావుగా, మళ్లీ గొట్టం ఎందుకే?" అనేవారు అత్తయ్యగారు. గొట్టం పీలుస్తున్నాను కాబట్టే బాగున్నాను అత్తయ్యగారూ అంటే, "అదే నేననేది. అలవాటు పడిపోయావు" అనేవారు. మనిషి గాలికి అలవాటు పడిపోవడం మా అత్తయ్యగారి దృష్టిలో ఒక వ్యసనం.

ఇక చుట్టాల సంగతి చెప్పనక్కర్లేదు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ వైద్యులే. ఒకావిడ తిప్పతీగ అంది. ఒకాయన మిరియాల కషాయం అన్నాడు. మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తెల్లవారుజామున తల మీద తడిగుడ్డ వేసుకుని తోటలో మూడు చుట్లు తిరగమన్నాడు. పూత పడనిదాన్ని పూతలో తిరగమన్నాడన్నమాట! అందరూ ఒక్కమాట మీద మాత్రం నిలబడ్డారు. ఆ గొట్టం మాత్రం మంచిది కాదు. వాళ్లలో సగంమంది బీపీకి, షుగరుకి రోజూ మందు మింగేవాళ్లే. అదేంటంటే, "అది వేరే" అన్నారు. పోనీ, వేరేనే అనుకుందాం.

ఒకరోజు ఇక ఉండబట్టలేకపోయాను. ఇంకా పూత పూర్తిగా విచ్చుకోలేదు, మావయ్యగారు తోటలో మందు కొట్టిస్తున్నారు. నేను టిఫిన్ పట్టుకెళ్లి, "ఒక్క పురుగు కూడా లేదుగా మావయ్యగారూ, ఇప్పుడెందుకు మందు?" అన్నాను.

ఆయనకి నా అజ్ఞానం మీద జాలేసింది. "పిచ్చిపిల్లా, పురుగు కనపడ్డాక కొడితే ఏం లాభం? తేనెమంచు పురుగు దిగిందంటే రెండ్రోజుల్లో పూతంతా మాడిపోద్ది. బాగున్నప్పుడే కొట్టాలి. వరస తప్పకుండా కొట్టాలి. బానే ఉందిగా అని ఒక్క తడవ ఆపావనుకో, ఆ ఏడు నీ తోట గోవిందా."

"నిజమే మావయ్యగారూ" అన్నాను. ఆయన ఇడ్లీలు తిన్నారు. చెట్టు ఊపిరి గురించి అంత తెలిసిన మనిషి, మనిషి ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఇలా ఎలా అయిపోతాడో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. పోయిన ఏడు శ్రావణంలో గొట్టంలో మందు అయిపోయింది. దాని మీద ఉండే అంకె సున్నాకి వచ్చింది. మాత్రలు నెలనెలా మావయ్యగారే గుర్తుపెట్టుకుని మెడికల్ షాపు నుంచి తెచ్చేవారు. ఆ నెల తెచ్చి, "అయ్యో, గొట్టం మర్చిపోయానమ్మా. ఊపిరి బానే ఉందిగా?" అన్నారు. "ఆఁ, బానే ఉంది మావయ్యగారూ" అన్నాను. నిజంగానే బాగుంది. వర్షాకాలం, పూత లేదు, దుమ్ము లేదు. అడిగితే కాదనేవారు కాదు. మా ఆయనకి చెబితే సాయంత్రానికల్లా తెచ్చేవారు. నేనే అడగలేదు. అందరూ గొట్టం వద్దంటుంటే, ఒక్కదాన్నే దాన్ని పట్టుకుని వేలాడటం నాకూ చిన్నతనంగా అనిపించింది. మంచి కోడలనిపించుకోవడానికి జనం రకరకాల పనులు చేస్తారు. నేను ఊపిరి మానేశాను.

మాత్ర మాత్రం మానలేదు. దాన్ని మానే అవకాశం నాకెక్కడిది?

పుష్యం వచ్చింది. ఈసారి పూత ఎలా వచ్చిందంటే ఆకు కనపడలేదు. నాకు తుమ్ములు రాలేదు, మాత్ర పుణ్యమా అని. ఆయాసం మాత్రం రోజుకో మెట్టు ఎక్కుతూ వచ్చింది. ముందు మేడమెట్లు ఎక్కితే, తర్వాత బిందె ఎత్తితే, ఆ తర్వాత జడ వేసుకుంటే. నీలం రంగు గొట్టం ఉందిగా అని దాన్ని పీల్చుకుంటూ గడిపాను. ఆపదకి వాడమన్నదాన్ని రోజుకి ఏడెనిమిదిసార్లు వాడాను. బేరగాళ్లు వచ్చే రోజులు, ఇప్పుడు ఆస్పత్రి అంటే బాగుండదని నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు నా ఊపిరి కన్నా మావయ్యగారి తమలపాకులే ముఖ్యమనిపించాయి.

ఆ రోజు పది గంటలకి బేరగాడు వస్తానన్నాడు. మూడేళ్ల కిందట లేచి వెళ్లిపోయిన పెద్దమనిషే. మావయ్యగారు పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ పంచె కట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "అమ్మాయ్, రాత్రి మందేసుకున్నావా? ఎందుకైనా మంచిది, ఇప్పుడు ఇంకోటి వేసుకో" అన్నారు. వేసుకున్నాను. నీలం గొట్టం తీసి నొక్కాను. లోపలేమీ లేదు, ఉత్త గాలి తుస్సుమంది. సరేలే, కాఫీలు ఇచ్చేస్తే ఆ తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

బేరగాడు వచ్చాడు, తోట తిరిగాడు, అరుగు మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో ఫిల్టరు లోంచి డికాషన్ వంచుతున్నాను. తుమ్ము రాలేదు. ఊపిరీ రాలేదు. గిన్నె దించి గట్టు పట్టుకుని నిలబడ్డాను. లోపలికి పీలుస్తుంటే గాలి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. పిల్లికూతలు కూడా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి నాకు మొదటిసారి చచ్చేంత భయం వేసింది. అరుద్దామంటే గాలి లేదు. అరుగు మీద మావయ్యగారి నవ్వు వినపడుతోంది. నేను ఇక్కడ చచ్చిపోతాను, వాళ్లు కాఫీ ఆలస్యమైందని అనుకుంటారు అనిపించింది.

పెరట్లో అంట్లు తోముతున్న మనిషి నన్ను చూసింది. ఆవిడ పొద్దున మా ఇంట్లో వాకిలి, అంట్లు చూసుకుని, ఆ తర్వాత మా తోటలోనే కూలికి వెళ్తుంది. నా ఈడుదే. వాళ్ల అమ్మ కూడా ఈ తోటలోనే పని చేసిందట. ఆవిడ బూడిద చేతులతోనే పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని, ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"అయ్యగారో! చిన్నమ్మగారికి ఊపిరాడతల్లేదు! గోళ్లు నల్లబడిపోతన్నాయి! రండయ్యా!"

చేతిలో తమలపాకులు అలాగే పట్టుకుని మావయ్యగారు వచ్చారు. నా ముఖం చూసి ఆకులు అక్కడే వదిలేశారు. మా ఆయన కారు బయటికి తీశారు. ఆవిడా అత్తయ్యగారూ చెరో పక్కా పట్టుకుని నన్ను నడిపించుకొచ్చారు. పూత కింద నుంచి కారు దాకా ఇరవై అడుగులు, నాకు నూజివీడు దాకా నడిచినట్టయింది. వెనక సీట్లో నన్ను కూర్చోబెట్టి, ఆవిడ నా కొంగు సర్దుతూ తలుపు దగ్గర వంగింది.

వంగి, తుమ్మింది. ఒక్కటే.

ఎవరైనా నమ్ముతారా? మా ఆయన తాళం తిప్పబోయిన చెయ్యి ఆగింది. ఇంజనీరింగ్ చదివిన మనిషి! చెయ్యి దానంతటదే ఆగింది. అత్తయ్యగారు గుండెల మీద చెయ్యేసుకుని, "అయ్యో, తుమ్మింది! ఒక్క నిమిషం ఆగండి, మంచినీళ్లు తెస్తా" అని వెనక్కి తిరిగారు. అరుగు మీద నుంచి బేరగాడు కూడా, "ఒక్క క్షణం కూచ్చుని ఎళ్లండి బాబూ" అన్నాడు. నేను వెనక సీట్లో నోరు తెరుచుకుని అందరి ముఖాలూ చూస్తున్నాను. నా పద్దెనిమిదేళ్ల తుమ్ములన్నీ కలిసి వచ్చి ఆ కారు చక్రాల కింద కూర్చున్నాయి.

అప్పుడు మావయ్యగారు అరిచారు. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"దాని తుమ్ముకేంటే! కూలోళ్ల తుమ్ములు లెక్కెడితే తోటలో ఒక్క పని సాగుద్దా? పోనీరా బండి!"

మా ఆయన పోనిచ్చారు. మావయ్యగారు ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా వెనక్కి తిరిగి నా వంకే చూస్తూ, "పీల్చమ్మా, పీల్చు, వచ్చేశాం" అంటూనే ఉన్నారు. ఆస్పత్రి మెట్ల దగ్గర దిగాక చూస్తే ఆయన కాళ్లకి చెప్పుల్లేవు.

ముఖానికి మాస్కు పెట్టారు, మందు పొగలా లోపలికి పోయింది, సూదులు వేశారు. గంట తర్వాత గాలి దారి దొరికి నెమ్మదిగా లోపలికి వచ్చింది. డాక్టరుగారు పక్కన కుర్చీ లాక్కుని, "రోజూ పీల్చేది ఎప్పుడు మానేశారు?" అని అడిగారు.

"శ్రావణంలోనండీ."

"ఎవరు మానమన్నారు?"

మావయ్యగారే తల వంచుకుని, "తుమ్ములు తగ్గినయ్ కదండీ అని..." అన్నారు.

"తుమ్ము ఆగితే మీ బేరం నిలబడిందండీ. ఊపిరి ఆగితే ఏం నిలబడేది? ఇంకో అరగంట ఆలస్యం చేస్తే నేను చెయ్యడానికేమీ ఉండేది కాదు" అన్నారు డాక్టరుగారు. మావయ్యగారు వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. కాసేపటికి బేరగాడు ఫోను చేశాడు. తోట మాట ఆ ఫోనులోనే, ఆస్పత్రి వరండాలో, తమలపాకు లేకుండా, ఉత్త కాళ్లతో ఇచ్చేశారు. అప్పుడు వర్జ్యం నడుస్తోందో దుర్ముహూర్తం నడుస్తోందో ఆయన చూసుకోలేదు.

రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మాస్కు పెట్టుకుని పడుకుంటే మాట్లాడటానికి ఉండదు, ఆలోచించుకోవడమే. అరగంట ఆలస్యమైతే అన్న మాట దగ్గర నా బుద్ధి ఆగిపోయింది. ఆ తుమ్ము అత్తయ్యగారిదైతే? బేరగాడిదైతే? కారు ఆగేది. మంచినీళ్లు వచ్చేవి. అది ఎవరూ లెక్కపెట్టని తుమ్ము కాబట్టి నేను బతికాను. ముందు నవ్వొచ్చింది. మాస్కులో నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గాను. దగ్గుతుంటే ఇంకో ఆలోచన వచ్చి నవ్వు పోయింది. అసలు ఆవిడ ఎందుకు తుమ్మింది?

ఇంటికి వచ్చిన మర్నాడు పెరట్లో ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"నీకు ఎన్నాళ్ల నుంచి ఈ తుమ్ములు?"

"ఏవోనమ్మా. పూతొచ్చినప్పుడల్లా వస్తయ్. మందు కొట్టినప్పుడు ఇంకాస్త."

"ఆయాసం కూడా వస్తుందా?"

ఆవిడ గిన్నె తోమడం ఆపలేదు. "ఆడినంతసేపు పన్జేత్తాను, ఆడనప్పుడు చెట్టుకింద కూచ్చుంటాను. మేస్త్రి బద్ధకం అంటాడు. అననీండి, ఏం చేద్దాం."

మేస్త్రి ఒక్కడే కాదు. నేనూ అన్నాను. నాలుగడుగులు చకచకా వెయ్యదు, ఎక్కడ నీడ కనపడితే అక్కడ చతికిలబడుతుంది అని అత్తయ్యగారితో ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్క లేదు. ఆవిడ అలా కూర్చున్నప్పుడల్లా నేను లోపల గూట్లోంచి గొట్టం తీసుకుని పీల్చుకున్న రోజులున్నాయి. ఇరవై ఏళ్లు ఒకే పూత కింద ఇద్దరం ఆయాసపడ్డాం. నాది ఇంటి సమస్య అయింది, ఆవిడది ఆవిడ బుద్ధి అయింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

"రేపు నాతో ఆస్పత్రికి రా" అన్నాను.

"రేపు తోటలో మందు కొట్టాలమ్మా."

లేచి అరుగు మీదకి వెళ్లాను. మావయ్యగారు పేపరు చూస్తున్నారు. రేపు ఆవిడ పనికి రాదనీ, నాతో డాక్టరు దగ్గరికి వస్తుందనీ చెప్పాను.

"దానికేమొచ్చింది? ఎప్పుడూ ఏమీ చెప్పలేదే!" అన్నారు.

"చెప్పింది మావయ్యగారూ. మొన్న కారు దగ్గర తుమ్మింది. మీరూ విన్నారు."

ఆయన పేపరు మడిచారు. "కారులో తీసుకెళ్లండి, ఆటో ఎందుకు" అన్నారు.

డాక్టరుగారు నన్ను చూసి గుర్తుపట్టి నవ్వారు. ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. పైన విన్నారు, కింద విన్నారు, మళ్లీ పైన విన్నారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "మొన్న మీకు ఎలా ఉందో ఈవిడకి ఇంచుమించు రోజూ అలాగే ఉందండీ. ఎలా నెట్టుకొస్తోందో తెలీటం లేదు" అన్నారు. ఆవిడ తప్పు చేసినట్టు తల వంచుకుంది.

ఆయన మందుల కాగితం మీద రాయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి నన్ను అడిగారు.

"ఇన్నేళ్లూ ఎక్కడ పని చేస్తోంది ఈవిడ?"

"మా దగ్గరేనండీ" అన్నాను.